కోలారు గనియందు ప్రకృతిబలముల పరీక్ష

కోలారు బంగారు గనులనగానే మన సంఘమందలి పెద్దలకు బంగారము జ్ఞప్తికి వచ్చును. పిన్నవారికి ఒక చలనచిత్రము జ్ఞప్తికి వచ్చును. ఆ గనుల అడుగున బంగారము గాక మరియొకటి కూడ వెదకబడినదనియు, ఆ వెదకులాట భౌతికశాస్త్ర చరిత్రలో స్థానము సంపాదించుకొన్నదనియు ఎరిగినవారు మనలో మిక్కిలి తక్కువ. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాలనుండి తరలివచ్చి ఆ గనుల చుట్టును స్థిరపడిన తెలుగు, తమిళ కుటుంబముల సంతతి నేటికిని అక్కడ నున్నది. తమ తాతలు దిగిన సొరంగములలో ఏమి జరిగినదో ఆ సంతతికైనను తెలిసియుండుట న్యాయము. అందుకై ఈ చిన్న వ్యాసము.

మేము శాస్త్రజ్ఞులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పది ఏండ్లకు పైగా గుమాస్తా పని చేసి విశ్రాంతి గైకొన్నవారము. అయినను ఈ కథ ఆద్యంతము లెక్కల కథ. లెక్క సరిచూచుట మా వృత్తి గనుక చెప్పుటకు కొంత ధైర్యము కలిగినది.

ప్రకృతిలో వస్తువులొకదానిపై నొకటి చూపు ప్రభావములు నాలుగు విధములని నేటి శాస్త్రము చెప్పుచున్నది. పండును చెట్టునుండి నేలకు రాల్చు గురుత్వాకర్షణ ఒకటి. దీపమును వెలిగించి అయస్కాంతమును పట్టియుంచు విద్యుదయస్కాంత బలము రెండవది. పరమాణు కేంద్రకమును విడిపోకుండ బిగించు ప్రబల బలము మూడవది. కొన్ని కేంద్రకములను తమంతట తామే మార్పు చెందించు దుర్బల బలము నాలుగవది. వీనిలో ఏది ఎంత బలవత్తరమైనది? ఈ ప్రశ్నకు సమాధానముగా శాస్త్రజ్ఞులు ఒక్కొక్క బలమునకు ఒక్కొక్క సంఖ్యను నిర్ణయించిరి. దానికి యుగ్మన స్థిరాంకమని పేరు. పేరు గంభీరముగా నున్నను భావము సులభము. వడ్డీ వ్యాపారములో అసలెంత, కాలమెంత యన్నవి ఖాతా ఖాతాకును మారును. వడ్డీ రేటు మాత్రము ఒప్పందమునకు మూలము. అట్లే రెండు కణములు ఎంత దూరమున నున్నవి, ఎంత వేగమున సాగుచున్నవి యన్నవి సందర్భమునుబట్టి మారును. వాని మధ్య బలమును నిర్ణయించు మూలపు రేటే యుగ్మన స్థిరాంకము.

ఈ రేటును కొలుచుట ఎంత కష్టమో తెలియవలెనన్న ముందుగా గురుత్వాకర్షణ కథ వినవలెను. న్యూటను 1687లో ప్రకటించిన గ్రంథమున ఆకర్షణ ఏ నియమము ననుసరించునో చెప్పెను గాని, రేటు ఎంతయో చెప్పుటకు సాధనము లేకపోయెను. నూరేండ్లు దాటిన పిదప 1798లో ఇంగ్లండున హెన్రీ కావెండిష్ దానిని తేల్చుటకు తగిన కొలత చేసెను. పరికరమును మొదట నిర్మించినవాడు జాన్ మిచెల్ అను మతాచార్యుడు. ఆయన దానిని వాడకమునుపే కాలధర్మము నొందెను. ఒక్కొక్కటి సుమారు 158 కిలోలు తూగు సీసపు గుండ్లు రెండు. సన్నని తీగెతో వ్రేలాడు కొయ్య కమ్మి చివరల, ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ తూగు చిన్న గుండ్లు రెండు. పెద్దవి చిన్నవానిని లాగినపుడు తీగె ఎంత మెలిపడునో చూడవలెను. మనిషి ఒంటి వేడిమికి గదిలోని గాలి కదలిన చాలును, లెక్క చెడును. కావున ఆయన గదిని మూసి, వెలుపలనుండి దూరదర్శినితో చూచి అంకెలు వ్రాసికొనెను. భూమి సాంద్రత నీటికంటె 5.48 రెట్లని ప్రకటించెను. నేటి విలువ 5.51. ఇంత జాగ్రత్తపడిన మహానుభావుడు చివర సరాసరి కట్టుటలో చిన్న పొరపాటు చేసెననియు, ఆయన అంకెలకు సరియైన సరాసరి 5.448 అనియు తరువాతివారు పట్టుకొనిరి. కూడికలతోనే జీవితము గడపిన మావంటివారికి ఇది కొంత ఊరట.

విద్యుద్బలముతో పోల్చినచో గురుత్వాకర్షణ ఎంత స్వల్పమో ఊహకందదు. హైడ్రోజను పరమాణువులో ఒక ప్రోటాను, ఒక ఎలక్ట్రాను కలవు. వాని మధ్య విద్యుదాకర్షణ గురుత్వాకర్షణకు ఎన్ని రెట్లనగా, 2 వ్రాసి పక్కన 39 సున్నలు చుట్టవలెను. ఇచ్చట ఒక విశేషమున్నది. కొలతలు దేశమునుబట్టి మారును. మైసూరు సీమలో రాగులు సేరుతో కొలిచిరి, అరవనాట పడితో కొలిచిరి, ఆంధ్రదేశమున మానికతో కొలిచిరి. నేడు కిలోలు వచ్చినవి. కాని ఒక గాదె మరియొక గాదెకు మూడు రెట్లు పట్టునదైనచో, సేరుతో కొలిచినను పడితో కొలిచినను మూడు రెట్లే. ఇట్లు ఏ కొలమానమునకును లోబడని శుద్ధ సంఖ్యతో బలమును చెప్పగలిగిననే అది ప్రకృతి చెప్పిన మాట యగును. తక్కినది మన అంగడి మాట.

అట్టి శుద్ధ సంఖ్య మొదట విద్యుదయస్కాంత బలమునకే దొరకినది. హైడ్రోజను వెలుగును పట్టకముగుండా విడదీసినచో ఒక ఎర్రని గీత కనబడును. అది ఒకే గీత కాదనియు, మిక్కిలి దగ్గరగా నున్న రెండు గీతలనియు 1887లో అమెరికాయందు మైకెల్సన్, మోర్లే అను వారు గుర్తించిరి. 1916లో జర్మనీలో ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ దీనికి కారణము చెప్పెను. ఆయన లెక్కలో ఒక సంఖ్య ముందునకు వచ్చెను. హైడ్రోజనులోని ఎలక్ట్రాను మొదటి కక్ష్యలో తిరుగు వేగము కాంతి వేగములో ఎన్నవ వంతు? సుమారు 137వ వంతు. ఇదే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకము. కాంతికిని విద్యుదావేశమునకును గల పట్టు ఎంత గట్టిదో ఈ 137లో ఒక వంతు చెప్పును.

ఈ సంఖ్య పండితులను వెర్రివారిని చేసినదనిన అతిశయోక్తి కాదు. ఆర్థర్ ఎడింగ్టన్ అను ఆంగ్ల ఖగోళ పండితుడు కేవలము ఆలోచన చేతనే ఈ విలువను సాధింపవచ్చునని నమ్మి, 1929 ప్రాంతమున సరిగా 136 రావలెనని తేల్చెను. ప్రయోగములు 137 వైపు మొగ్గినవి. అంతట ఆయన తన సిద్ధాంతములో ఒకటి కలుపుటకు కారణము కనుగొనెను. ఎడింగ్టన్ అను ఇంటిపేరును తిప్పి, ఆంగ్లమున ఒకటి కలుపువాడు అను అర్థము వచ్చునట్లు హాస్యప్రియులు ఆయనను పిలిచిరి. నెలాఖరున చిట్టా కుదరనప్పుడు తేడాను ఏదో పద్దు క్రింద వ్రాసి సరిపుచ్చు ప్రలోభము ఎట్టిదో మేమెరుగుదుము. అంతటి పండితునికిని అది తప్పలేదు. తరువాతి కొలతలలో ఆ సంఖ్య పూర్ణాంకమే కాదని తేలినది. నేటి విలువ 137.035999 చిల్లర. దాని మూలమును గూర్చి జీవితమంతయు తలపోసిన వుల్ఫ్‌గాంగ్ పౌలీ 1958 డిసెంబరులో జూరిచ్ నగరపు ఆసుపత్రిలో చేరెను. తనకిచ్చిన గది సంఖ్య 137 అని చూచి ఆయన కలతచెందెనట. అచ్చటనే మరణించెను. 137 ఎందుకు అను ప్రశ్నకు నేటికిని సమాధానము లేదు; కొలత మాత్రమున్నది.

ఇక కేంద్రకములోపలి బలములు. 1934లో ఇటలీలో ఎన్రికో ఫెర్మీ దుర్బల బలమునకు మొదటి సిద్ధాంతము కట్టెను. జపానున హిడెకీ యుకావా 1935లో ప్రబల బలమునకు ఒక సిద్ధాంతము ప్రకటించి, ఆ బలమును మోయు కణమొకటి యుండవలెననెను. అది 1947లో కనబడినది. ప్రబల బలమును అంకెలలో చెప్పబోగా 137లో వంతు వంటి చిన్న సంఖ్య రాలేదు. ఒకటికంటె ఎంతో పెద్ద సంఖ్య వచ్చినది. దుర్బల బలము సంగతి దీనికి పూర్తిగా విరుద్ధము. న్యూట్రినో అను కణమునకు గురుత్వము గాక దుర్బల బలము మాత్రమే తెలియును. సూర్యునినుండి వచ్చు న్యూట్రినోలు మన చేతి గోరంత చోటుగుండా సెకనుకు వేల కోట్ల లెక్కన దూసికొనిపోవుచున్నవి. మనకు తెలియదు, వానికి మనము తెలియము. 1934లో బేతే, పియర్ల్స్ అను పండితులు లెక్కవేసి, ఈ కణమును చూచుట ఆచరణలో సాధ్యము కాదనిరి. 1956లో అమెరికాలో రైన్స్, కోవన్ అనువారు అణు రియాక్టరు పక్కన దానిని పట్టిరి. కాని ఆకాశమునుండి సహజముగా వచ్చు న్యూట్రినోను అప్పటికి ఎవ్వరును చూడలేదు.

ఇచ్చట కోలారు రంగమునకు వచ్చుచున్నది. విశ్వకిరణములు పై వాయువును తాకినప్పుడు మ్యూయానులను కణములు వర్షమువలె నేలపై కురియును. ఆ గోలలో న్యూట్రినో సడి వినబడదు. రాతి క్రిందికి దిగినకొలది మ్యూయానులు తగ్గిపోవును. ఎంత లోతున ఎంత తగ్గునో చూచుటకు హోమీ భాభా ప్రోత్సాహముతో బొంబాయి టాటా పరిశోధనా సంస్థకు చెందిన శ్రీ బి.వి. శ్రీకంఠన్ 1950వ దశకపు ఆరంభముననే కోలారు గనులలోనికి పరికరములతో దిగిరి. భూమిలోనికి మూడు కిలోమీటర్లకు పైగా త్రవ్విన గని లోకమున నాడు మిక్కిలి అరుదు. 1960వ దశకపు తొలినాళ్ళలో అత్యంత లోతైన చోట, సుమారు 2,760 మీటర్ల క్రింద, దాదాపు రెండు మాసములు కనిపెట్టియుండగా ఒక్క మ్యూయానును నమోదు కాలేదు. లెక్క సున్న.

గనిలో దిగి పనిచేసిన మా పెద్దనాయన ఆ ముచ్చట చెప్పి నవ్వెడివారు. “కింద బొంబాయి దొరలు ఏందో మిషను పెట్టుకొని, రాని చుట్టానికి కాచుకున్నట్టు కాచుకొని ఉండారు రా నాయనా” అనెడివారు. ఆయన నవ్వుటలో తప్పులేదు. బండరాతినుండి ఉబుకు వేడిలో, యంత్రములతో పంపిన చల్లగాలిని పీల్చుచు బంగారముకై శ్రమించు మనుష్యునకు, ఏమియు రాకుండుటను కాగితముపై వ్రాసికొనువారు విచిత్రముగా తోచుట సహజము. కాని ఆ సున్న విలువైనది. అంత లోతున ఇతర కణముల గోల లేదనగా, ఏదైన కణము కనబడినచో, అందును అడ్డముగా వచ్చినచో, అది న్యూట్రినో పనియే యని నమ్మవచ్చును. న్యూట్రినో భూమిని ఏ దిక్కునుండియైనను చొచ్చుకొనివచ్చి, ఎప్పుడో ఒకప్పుడు రాతిని తాకి అక్కడ మ్యూయానును పుట్టింపగలదు.

చాంపియన్ రీఫ్ గనిలో సుమారు 2.3 కిలోమీటర్ల లోతున టాటా సంస్థ, జపాను దేశపు ఒసాకా నగర విశ్వవిద్యాలయము, ఇంగ్లండు దేశపు డర్హం విశ్వవిద్యాలయము కలిసి పరికరములు నిలిపినవి. 1965లో ఆ చుట్టము వచ్చెను. అడ్డముగా సాగిన మ్యూయాను జాడ పరికరములపై పడినది. ఎం.జి.కె. మీనన్, శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి, మియాకె, వుల్ఫెండేల్ మున్నగువారి పేర్లతో ఆ వార్త 1965 ఆగస్టు 15వ తేదీ సంచికలో ప్రకటింపబడినది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో రైన్స్ బృందము అదే సంవత్సరమున అట్టి కణమునే చూచినది. వారి పత్రము ఆ నెలాఖరున వెలువడినది. లోకములో మొట్టమొదటగా సహజ న్యూట్రినోలు కనబడిన రెండు చోట్లును బంగారు గనులే.

అటుపిమ్మట యుగ్మన స్థిరాంకముల కథ పెద్ద మలుపు తిరిగినది. స్థిరాంకమని పేరు పెట్టినది నిజముగా స్థిరము కాదని తేలినది. ఎలక్ట్రాను చుట్టును గల శూన్యములో ఆవేశపు జంటలు క్షణకాలము పుట్టి నశించుచు దానికి తెరవలె నిలుచును. దూరమునుండి చూచువానికి తెర చాటున తగ్గిన బలము కనబడును. తెర చీల్చికొని దగ్గరకు పోయినకొలది బలము హెచ్చును. జెనీవా కడ 27 కిలోమీటర్ల యంత్రముతో 1989 మొదలు 2000 వరకు జరిగిన ప్రయోగములలో 137వ వంతు కాస్త 128వ వంతు దగ్గరకు పెరిగినట్లు స్పష్టమైనది. ప్రబల బలము తీరు వేరు. దగ్గరకు పోయినకొలది అది సడలును, దూరము జరిగినకొలది బిగియును. దీనిని 1973లో గ్రాస్, విల్‌చెక్, పొలిట్జర్ అను మువ్వురు కనుగొని 2004లో నోబెల్ బహుమతి నందిరి. దుర్బల బలము పేరునకు మాత్రమే దుర్బలమనియు, దాని మూలపు రేటు విద్యుత్తుకంటె హెచ్చేయనియు, దానిని మోయు కణములు మిక్కిలి బరువైనవగుటచే అది నీరసముగా కనబడుచున్నదనియు తెలిసినది. ఆ బరువు కణములు 1983లో జెనీవాలోనే పట్టుబడినవి.

ఒకటి పెరుగుచు, ఒకటి తగ్గుచునున్న ఈ రేట్లు ఎక్కడనైనను కలియునా? 1974లో అమెరికాయందు జార్జి, గ్లాషో అను వారు మూడు బలములును మూలమున ఒక్కటేయను సిద్ధాంతము ప్రతిపాదించిరి. అదే సంవత్సరము జార్జి, క్విన్, వైన్‌బర్గ్ లెక్కకట్టి, ప్రోటాను బరువునకు కోటి కోట్ల రెట్లును దాటి, 1 పక్కన 15 సున్నల దరిదాపు శక్తియొద్ద మూడును కలియునని చూపిరి. అట్టి శక్తిని పుట్టించు యంత్రము మానవునకు సాధ్యము కాదు. కాని ఆ సిద్ధాంతమునకు ఒక పర్యవసానమున్నది. బలములు ఒక్కటేయైనచో, శాశ్వతమనుకొన్న ప్రోటాను కూడ ఎన్నటికో నశింపవలెను. దాని ఆయువు అత్యధికముగా 1 పక్కన 31 సున్నల సంవత్సరములని అంచనా. విశ్వము వయస్సు 1,380 కోట్ల సంవత్సరములే, అనగా 11 అంకెల సంఖ్య. ఒక్క ప్రోటానుకై అంతకాలము వేచియుండలేము గాని, అన్ని ప్రోటానులను ఒకచోట చేర్చి ఒక సంవత్సరము కాచుకొనవచ్చును. 140 టన్నుల పదార్థములో ప్రోటానులు, న్యూట్రానులు కలిసి 8 పక్కన 31 సున్నలు. ఆయువు 1 పక్కన 31 సున్నలైనచో సంవత్సరమునకు సుమారు ఎనిమిది మరణములు జరుగవలెను. ఇది మావంటి గుమాస్తా కూడ వేయగల భాగహారము.

ఈ లెక్కను నమ్మి, అదే కోలారు గనిలో, అదే 2.3 కిలోమీటర్ల లోతున, 1980 చివర ప్రోటాను మరణమును కనిపెట్టు ప్రయోగము ప్రారంభమైనది. ఇందుకై ప్రత్యేకముగా కట్టిన పెద్ద పరికరములలో లోకమున ఇదియే మొదటిదని చెప్పుదురు. ఇనుప పలకల నడుమ గణక గొట్టములను 34 వరుసలుగా పేర్చి 140 టన్నుల కట్టడము నిర్మించిరి. గని లిఫ్టులో పట్టునంత ముక్కలుగా దించి, క్రింద చీకటి గుహలో కూర్పవలసినదే. తరువాత 260 టన్నుల రెండవ కట్టడము కూడ నెలకొన్నది. ఒకటి రెండు సంవత్సరములకే ప్రోటాను మరణమును పోలిన సంఘటనలు కొన్ని కనబడినవని బృందము ప్రకటించినది. లోకమంతయు కోలారు వైపు చూచినది.

కాని ఇతరుల లెక్క దీనితో కలియలేదు. అమెరికాలో ఒహాయో ఉప్పు గనిలో వేలకొలది టన్నుల నీటితో కాచిన బృందము 1983లో తమకు ఒక్క మరణమును కనబడలేదని చెప్పెను. జపానున కామియోకా గనిలోనివారును అదే చెప్పిరి. కోలారులో కనబడినవి న్యూట్రినోలు రాతిని, ఇనుమును తాకుటచే కలిగిన పోలికలు కావచ్చునని పలువురు తలచిరి. 1991లో జెనీవా కొలతలతో మూడు రేట్ల గీతలను మరల గీచి చూడగా, అవి ఒకే బిందువున కలియుట లేదు. దగ్గరగా వచ్చి తప్పిపోవుచున్నవి. 1996 నుండి జపానులో 50,000 టన్నుల నీటితో కాచుకొనియున్న సూపర్ కామియోకాండే కూడ ప్రోటాను మరణమును చూడలేదు. ఆయువు 1 పక్కన 34 సున్నల సంవత్సరములకు పైబడినదని మాత్రము చెప్పగలుగుచున్నది. 1974 నాటి సరళ సిద్ధాంతము అట్లు వీగిపోయినది.

గని కథయు ముగిసినది. కోలారు ప్రయోగము 1990వ దశకపు తొలి సంవత్సరములలో నిలిచిపోయెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. పంపులు ఆగగా లోతులను నీరు నింపినది. న్యూట్రినో మొదటి జాడ వ్రాసిన గుహకు ఇప్పుడు దారి లేదు. గనిని నమ్ముకొన్న కుటుంబముల పిల్లలు తెల్లవారుజాముననే రైలెక్కి బెంగుళూరు పోయి కూలి చేసుకొని రాత్రికి తిరిగివచ్చుచున్నారు.

అయినచో ఆ శ్రమ వ్యర్థమా? ఇట్టి ప్రశ్న మా చుట్టుపట్ల యువకులు మమ్ము అడిగియున్నారు. మా సమాధానము మా వృత్తినుండియే చెప్పెదము. కార్యాలయమున ప్రతి మాసము నివేదికలు పంపవలెను. ఆ మాసమున ఒక పద్దు క్రింద ఏమియు జరుగకపోయినచో ఆ గడిని ఖాళీగా వదలరాదు. సున్న అని వ్రాసి సంతకము చేయవలెను. ఖాళీ గడికి అర్థము ఎవ్వరును చూడలేదని. సున్నకు అర్థము చూచితిమి, లేదు అని. కోలారు గని రెండు సున్నలు వ్రాసినది. 1960వ దశకపు మొదటి సున్న న్యూట్రినోకు తలుపు తీసినది. ఆ జాతి న్యూట్రినోలనే జపానువారు లెక్కించి 1998లో వానికి బరువున్నదని తేల్చిరి. అందుకు 2015లో నోబెల్ బహుమతి వచ్చినది. రెండవ సున్నను కోలారువారు మొదట అంకెగా పొరబడిరేమో. కావెండిషునకే కూడిక తప్పినది గదా. ఇతర గనులవారితో సరిచూచినపిదప అది సున్నగా నిలిచి, ఒక గొప్ప సిద్ధాంతము తప్పని లోకమునకు చెప్పినది. ప్రకృతిబలములు మూలమున ఒక్కటియా కాదా యను ప్రశ్న నేటికిని తెరచియే యున్నది. దానిని మొదట సూటిగా అడిగినవారిలో మన జిల్లా గని యొకటి.

మన పిల్లలు రేపు భౌతికశాస్త్ర పుస్తకములో ప్రోటాను ఆయువు అను శీర్షిక చదివినప్పుడు, ఆ లెక్క వేయుటకు ఇనుప పలకలు దిగిన గనిలోనే తమ తాతలు దిగిరని తెలిసికొందురు గాక. అంతమాత్రము తెలిపినచో ఈ వ్యాసము ప్రయోజనము నెరవేరినట్లే.